మైనం వేళ

ఆనాడు ఏడో చెవిమేడలో ఉన్నవాళ్ళు నలుగురు. మేడపెద్ద బొబ్బయ్య, వంటమనిషి ఆదెమ్మ, అక్కడ తీగ మోత నేర్చుకుంటున్న కుందన, ముందురోజు మంచులో దారి తప్పి వచ్చి తలుపు తట్టిన కంబళ్ళ బేహారి ఒకడు. పొయ్యి పక్కన ఒక కుంటి మేక కూడా ఉంది గాని, దాన్ని మనిషి కింద లెక్కవెయ్యాలని పట్టుబట్టేది ఆదెమ్మ ఒక్కతే.

ఉండవలసి కూడా లేనివాడు మాచన. కుందనకు అన్న. ఆ పిల్లకు ఈ లోకంలో తనవాడంటూ ఉన్నది అతనొక్కడే. సడలిన తీగను బిగించడానికి రెండు రోజుల క్రితం నెట్టగండిలోకి వెళ్ళాడు. ఇది మూడో రోజు. తీగబాట పట్టినవాడు మూడో పొద్దు వాలేలోగా తిరిగి రాకపోతే గండికి రాళ్ళు అడ్డం పేర్చి, మేడ గోడ మీద అతని పేరు చెరిపెయ్యాలి. అది నీహారగిరి రాజ్యపు కట్టడి. రాళ్ళు పేర్చే కూలీలు అప్పుడే గండి మొదట్లో గుడిసె వేసుకుని కూర్చున్నారు. కుందన పొద్దుటి నుంచి నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళి చూసింది. నాలుగుసార్లూ మంచే కనబడింది.

నీహారగిరిలో సూర్యుడు ఉదయిస్తాడని అందరూ విన్నవాళ్ళే గాని చూసినవాళ్ళు తక్కువ. పాలకుండలు వెయ్యి ఒక్కసారి ఒలికినట్టు మంచు కొండల మీద నుంచి జారుతుంది. లోయలు నింపి, చెట్ల మెడల దాకా పాకి, ఇళ్ళ చూరుల కింద నుంచి లోపలికి తొంగిచూస్తుంది. అటువంటి దేశంలో కొండ నుంచి కొండకు వార్త పంపడం ఎలా? పూర్వపు రాజులు దీపాలు పెట్టించారు; మంచు మింగేసింది. శంఖాలు ఊదించారు, లోయలు ఒక్క శంఖాన్ని పదిగా మార్చి తిప్పి పంపాయి. చివరికి ఒక కంసాలి రెండు కొండల మధ్య ఇత్తడి తీగ లాగి బిగించి, చెరో కొసనా ఆనపకాయ బుర్ర కట్టాడు. ఈ కొసన కొడుపు అనే పొట్టికర్రతో కొడితే ఆ కొసన బుర్ర మోగింది. కొట్టి వెంటనే వేలితో అదిమితే పొట్టి మోత, అది లఘువు. కొట్టి మోగనిస్తే పొడుగు మోత, అది గురువు. ఆ రెండింటినీ రకరకాలుగా కలిపి అక్షరానికొక మోత అల్లారు. రాజధాని నుంచి సరిహద్దు దాకా పన్నెండు చెవిమేడలు లేచాయి.

మొదట్లో ఎవరూ చెవితో వినేవాళ్ళు కారట. బుర్రకు ఒక సూది అతికించి, దాని కింద మసి పూసిన తాటాకు జరుపుతూ ఉండేవాళ్ళు. లఘువుకు చుక్క, గురువుకు గీత పడేవి. ఆకు చదివి వార్త చెప్పేవాళ్ళు. కొన్నేళ్ళకు ఆ చదివేవాళ్ళకే ఒక విడ్డూరం తెలిసింది. ఆకు మీద చూపు పడకముందే నోటికి అక్షరం వచ్చేస్తోంది. కళ్ళకన్నా ముందు చెవులు చదివేస్తున్నాయి. దాంతో సూదులు మూలపడ్డాయి, తాటాకులు పొయ్యిలోకి పోయాయి.

బొబ్బయ్య అందుకే కుందనను లెక్కపెట్టనిచ్చేవాడు కాదు. రెండు లఘువులు, ఒక గురువు అని లెక్కపెట్టుకున్నావంటే ఇంకా ఆకు చూస్తున్నట్టే అనేవాడు. కొత్తవాళ్ళ కోసమని అక్షరాన్ని ఎన్నడూ నెమ్మదిగా కొట్టలేదు. అక్షరం ఎప్పుడూ దాని వేగంలోనే ఉండేది. అక్షరానికీ అక్షరానికీ నడుమ మాత్రం ఊపిరి తీసుకునేంత ఎడం ఇచ్చేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ ఎడం తగ్గించేవాడు. ఆమె పప్పు రుబ్బుతుంటే కొట్టేవాడు, తల దువ్వుకుంటుంటే కొట్టేవాడు, తుమ్ముతుంటే కూడా కొట్టి, ఏమన్నానో చెప్పమనేవాడు. మనుషుల ముందు నోరు పెగలని ఆ పిల్ల తీగ ముందు కూర్చుంటే మాత్రం గలగలా మాట్లాడేది. పన్నెండు మేడలవాళ్ళనూ వాళ్ళ చేతిని బట్టి పోల్చుకునేది. నాలుగో మేడ అతను లఘువుల్ని తొక్కేస్తాడు. తొమ్మిదో మేడ అతనికి తొందరెక్కువ. మాచన తీగ బాగుచేస్తూ అప్పుడప్పుడు కబురు కొడితే, ప్రతి మాట చివరి గురువునూ కాలు ఈడ్చినట్టు ఈడుస్తాడు.

ఆమెలో ఒకటే లోపం. అలసిపోయినప్పుడు చెయ్యి దారి తప్పేది. ఒక అక్షరానికి కొట్టవలసిన మోతకు బదులు వేరే ఏదో మోత కొట్టేసేది. ఎప్పుడూ అవే తప్పులు. మామూలుగా తప్పు చేస్తే బొబ్బయ్య నవ్వేవాడు. ఈ తప్పులకు మాత్రం మొహం పాలిపోయి, కొడుపు లాక్కుని, ఇంకెప్పుడూ ఆ మోత కొట్టవద్దని గొంతు తగ్గించి చెప్పేవాడు. కోపం వచ్చిందనుకుని కుందన తల వంచుకునేది.

ఆ మధ్యాహ్నం ఆదెమ్మ వంట ముగించి బేహారిని ఆటపట్టిస్తోంది. అతను తెచ్చిన కంబళ్ళు మూట విప్పి మళ్ళీ కట్టలేక తంటాలు పడుతున్నాడు.

"కంబళి మడతెట్టడం రాని బేరగాణ్ణి నిన్నే సూత్తన్నాను బాబూ. నువ్వు అమ్మడానికొచ్చావా, ఎవరింట్లోదో ఎత్తుకొచ్చావా?" అంది.

అతను నవ్వి మూట మళ్ళీ కట్టబోయాడు. మడత రాని ఆ చేతుల్లో వింటినారి కోసిన గుర్తులున్నాయని కుందన ముందురోజే చూసింది. అతను కంబళ్ళు అమ్మేవాడు కాదు. నీహారగిరి యువరాజు ప్రతాపకేతు. మహామంత్రి వజ్రకర్ణుడు ముసలిరాజును తన గుప్పిట్లో పెట్టుకుని ఏలుతున్నాడు. తాతల కాలం నుంచీ కొలువులో ఉన్న ఆ మంత్రి ఇప్పటికీ ముప్పై ఏళ్ళవాడిలా కనబడతాడు. ఆ యవ్వనపు గుట్టు నెట్టగండిలో దాగి ఉందని ఎవరో చెబితే యువరాజు వేషం మార్చుకుని బయలుదేరాడు. ఈ సంగతి ఆ మేడలో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

నీళ్ళలో తేలే గడియారపు గిన్నె బుడుంగుమని మునిగింది. నడిమధ్యాహ్నం. మైనం వేళ.

ఆదెమ్మ నవ్వు ఆగిపోయింది. బొబ్బయ్య లేచి తేనెమైనం గిన్నె తెచ్చి అందరి ముందూ పెట్టాడు. బేహారి ఎందుకని అడిగాడు. నెట్టగండి అవతల పూర్వం పదమూడో మేడ ఒకటి ఉండేదని, నలభై ఏళ్ళ క్రితం కొండ విరిగిపడి అందులోవాళ్ళందరూ చచ్చారని, రోజూ ఈ వేళకు ఆ దయ్యాలు తీగ మీద మోత పెడతాయని, విన్నవాళ్ళు మతి తప్పి గండిలోకి నడిచిపోతారని ఆదెమ్మ చెప్పింది. మరి తీగ తెంపెయ్యరేమని అతను మళ్ళీ అడిగాడు. తెంపకూడదు. సడలితే బిగించాలి కూడా. తీగ తెగనివ్వవద్దు, మోత విననివ్వవద్దు అని మహామంత్రి ఆజ్ఞ. ఈ రెండూ ఎలా పొసగుతాయని ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. బేహారి మాత్రం కనుబొమలు ముడిచాడు.

అందరూ చెవుల్లో మైనం కూరుకున్నారు. కుందన కూడా ముద్ద తీసుకుంది గాని, దాన్ని పిడికిట్లోనే ఉంచుకుని జుట్టు చెవుల మీదికి లాక్కుంది. అన్న ఆ తీగ మీదే ఉన్నాడు. ఈ వేళలోనే సాయం కోసం కొడితే వినేది ఎవరు?

బుర్ర మోగింది.

మొదట అది మోతలానే లేదు. ఎండిన ఎముక మీద గోరు గీస్తున్నట్టుంది. తర్వాత కొడుపు దెబ్బలు వినబడ్డాయి. ఒక చేతి దెబ్బలు, గట్టివి, ఓపికైనవి. కుందన వాటిని అక్షరాలుగా వినబోయింది. ఒక అక్షరం తగిలేది, నాలుగు జారిపోయేవి. లెక్కపెట్టి చూసింది. అర్థం లేని గలాటా. మైనం పెట్టుకుందామని చెయ్యి ఎత్తింది. అప్పుడు చూసుకుంది తన చేతిని. అది దానంతట అదే తొడ మీద ఆడుతోంది, రోకలి పోటు వేస్తున్నట్టు.

వాళ్ళ నాయనమ్మ మూడో మేడలో వడ్లు దంపేది. రోజంతా తీగ మోత విని విని, ఆ వరసలనే రోకటి పోట్లుగా వేసేది. ఇది 'క' పోటు, ఇది 'ర' పోటు అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మనవరాలి చేత వేయించేది. కుందన చెయ్యి అలసిపోయినప్పుడు దారి తప్పి పోయేది ఆ పోట్ల దగ్గరికే.

లెక్కపెట్టడం మానేసింది. కళ్ళు మూసుకుంది. నాయనమ్మ రోలు పక్కన కూర్చున్నట్టు కూర్చుంది. మోత మాటలైంది.

ఉన్నారా. ఉన్నారా. పదమూడో మేడ. సూరమ్మను. ఉన్నారా. మాచన అనేవాడు ఇక్కడ పడి ఉన్నాడు. బతికి ఉన్నాడు. పొద్దు వాలేలోగా రండి. ఉన్నారా.

కుందన లేచి తీగ దగ్గరికి నడిచింది. ఎదురుగా బొబ్బయ్య వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పిల్ల మొదటిసారి ఆయన చెయ్యి తోసేసి, కొడుపు తీసుకుని, నాయనమ్మ పోట్లతో ఒక్క మాట కొట్టింది. ఉన్నాం.

అవతల మోత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం మోతకన్నా భయంకరంగా ఉంది. పొయ్యి పక్కన మేక లేచి నిలబడి వణికింది. ఒక ఊపిరి, రెండో ఊపిరి. అప్పుడు తీగ తనంతట తానే ఒక్కసారి మోగింది. అది ఏ చేతి దెబ్బా కాదు. చాలా లోతు నుంచి, చాలా పెద్దది ఏదో వీపు రాసుకున్నట్టున్న మోత. నేల అదిరి చట్టిలో పులుసు తొణికింది. వెంటనే సూరమ్మ కొడుపు అందుకుంది, పరుగెత్తినట్టు. మా మోత తెలిసినవాళ్ళు మిగిలారా. ఎవరు నువ్వు. రా. తొందరగా రా.

బొబ్బయ్యా, ఆయన్ని చూసి మిగతా ఇద్దరూ, చెవుల్లో మైనం తీసేశారు. ముసలాయన ఏం విన్నావని అడగలేదు.

"సూరమ్మ మా అక్క," అన్నాడు.

తరవాత ఆయన చెప్పింది ఇదీ. ఆ రోజుల్లో కొండ ఏదీ విరిగిపడలేదు. వజ్రకర్ణుడు పదమూడో మేడవాళ్ళను లోపల పెట్టి బయట గడియ వేయించాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. నెల తిరక్కముందే మోతలు మార్చమని ఆజ్ఞ వచ్చింది. రాజశాసనాలన్నింట్లోనూ అక్షరాలు లెక్కించామని, తరచుగా వచ్చే అక్షరాలకు పొట్టి మోతలూ అరుదుగా వచ్చేవాటికి పొడుగు మోతలూ ఇస్తున్నామని, ఇకపై వార్త సగం వేళలో చేరుతుందని చాటింపు వేశారు. అది నిజమే. వార్తలు తొందరగానే చేరుతున్నాయి. సగానికి పైగా అక్షరాలు మారాయి. పాత మోత కొట్టినవాడి బొటనవేలు తీసేశారు. పదేళ్ళలో పాతవాళ్ళు పోయారు. లోపల ఉన్నవాళ్ళకు మాత్రం మోతలు మారినట్టు కబురు లేదు. వాళ్ళు ఏం కొట్టినా ఇవతలివాళ్ళకు అది దయ్యాల గోల.

"నీకు తెలుస్తూనే ఉంది కదా తాతా," అంది కుందన.

బొబ్బయ్య తన బొటనవేళ్ళు చూసుకున్నాడు. కుందన తాను విన్నదంతా, మాచన కబురుతో సహా, చెప్పింది. ఆదెమ్మ ఆయన మొహం చూసి మెల్లిగా మైనం గిన్నె తీసి పొయ్యిలో బోర్లించింది.

బేహారి అప్పటికే మూటలోంచి కత్తి తీసి మొలకు బిగించాడు. తానెవరో రెండు మాటల్లో చెప్పాడు. ఆదెమ్మ ముక్కున వేలేసుకుని, యువరాజు చేత పొద్దున్న అంట్లు తోమించానే అని గొణుక్కుంటూ, అటుకుల మూటా ఇత్తడి చెంబూ తెచ్చి కుందన చేతికిచ్చింది. కుందన కొడుపు నడుముకు దోపుకుంది. ఇద్దరూ మంచులోకి దిగారు.

గండి మొదట్లో కూలీలు రాళ్ళ గుట్ట పక్కన చుట్టలు కాల్చుకుంటున్నారు. పొద్దు వాలితే తమకు ఆగే హక్కు లేదని మేస్త్రీ ముందే చెప్పేశాడు. అతని మాట వెనకబడక ముందే మంచు మూసుకుపోయింది. తన చెయ్యి తనకే కనబడదు. కుందన ఎడమచెయ్యి తీగ మీద ఆనించి, ఆ వణుకును వింటూ ముందు నడిచింది. యువరాజు ఆమె పైటకొంగు పట్టుకుని వెనక నడిచాడు.

పావు కోసు దూరంలో తీగ రెండుగా చీలింది. ఎడమవైపు ఒక తీగ, కుడివైపు ఒక తీగ. కుడితీగ మీద సూరమ్మ పాత మోత పల్చగా వినబడుతోంది. ఎడమతీగ ఉన్నట్టుండి గలగలలాడింది. కొత్త మోత, తేటగా, తప్పు లేకుండా. చెల్లీ, నేను మాచనను. ఇటు రా. కాలు విరిగింది. ఇటు రా.

మంచులోంచి అన్న గొంతు కూడా పిలిచింది. "కుందనా" అని, చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే పిలిచినట్టే.

ఆమె అటు రెండడుగులు వేసేసింది. యువరాజు కొంగు వదిలి పరుగెత్తబోయాడు. అంతలో ఆమె ఆగి, అతని మణికట్టు పట్టుకుని లాగింది. ఎడమతీగ మీద ప్రతి లఘువూ ఒక్క కొలత. ప్రతి గురువూ ఒక్క కొలత. అచ్చు పోసినట్టున్నాయి. ఈడ్చిన గురువు ఒక్కటి లేదు. ఆ మోత వెనక చెయ్యి లేదు. కొట్టేది మనిషి కానప్పుడు పిలిచేది అన్న ఎలా అవుతాడు? కుందన ఏడుస్తూనే కుడితీగ పట్టుకుంది. వెనకనుంచి అన్న గొంతు బతిమాలింది, తిట్టింది, చివరకు అన్నదీ కాని, ఏ మనిషిదీ కాని నవ్వు నవ్వి ఆగిపోయింది. ఇది వజ్రకర్ణుడి మాయే అంటూ యువరాజు ఒక రాయి తీసి ఎడమవైపు విసిరాడు. అది నేలను తాకిన చప్పుడు రానే లేదు.

కొంత దూరం పోగా మంచు కాస్త పల్చబడి, దారికి అడ్డంగా నల్లటి స్తంభం కనబడింది. దగ్గరికి వెళ్ళేసరికి స్తంభం తల తిప్పింది. రాతికాపరి అది. తాటిచెట్టంత ఎత్తు, బండెడు గద, కళ్ళ చోట చదునైన రాయి, తలకు రెండు పక్కలా చేటలంత చెవులు. ప్రతాపకేతు పాదం కింద గులకరాయి ఒకటి కరకరలాడింది. గద గాలిని కోస్తూ దిగింది. అతను పక్కకు దొర్లాడు. అతను నిలబడ్డ బండ పిండైపోయింది. కత్తి దూశాడు, దూసిన చప్పుడుకే గద మళ్ళీ లేచింది. కాపరి కాళ్ళ మధ్య నుంచి దూరి మడమ మీద వేటు వేశాడు. కత్తి నిప్పులు కక్కి నడిమికి విరిగింది.

కుందన ఊపిరి బిగబట్టి నిలబడి చూసింది. అది చూపుతో కాదు, వినికిడితో కొడుతోంది. నడుముకున్న కొడుపు తీసి, ఇత్తడి చెంబును ఖంగున ఒక్క దెబ్బ కొట్టి లోయలోకి విసిరింది. చెంబు బండల మీద ఖణేలుమని మోగుతూ, ఎగురుతూ, దొర్లుతూ కిందకి పోయింది. రాతికాపరి ఆ మోత వెంటే ఒకడుగు, రెండడుగులు, మూడో అడుగు గాలిలో వేసింది. అది పడుతున్నంతసేపూ లోయ గొణిగింది.

"ఆదెమ్మ చెంబు అడుగుతుంది," అన్నాడు యువరాజు రొప్పుతూ.

దాని అవతల తీగల వంతెన. వంద బారల పొడవు, అడుగు వేస్తే ఊయలలా ఊగింది. కింద ఎంత లోతో మంచుకే తెలియాలి. వంతెన దాటితే కొండ కడుపులోకి తొలిచిన రాతిద్వారం. ఇనుప గడియ బయట వైపే ఉంది. రెండు రోజుల క్రితం మాచన తీసిన గడియ పక్కకు వేలాడుతోంది. తలుపు జానెడు తెరుచుకుని ఉంది. లోపలి నుంచి మోత వినబడుతోంది.

లోపల మసకవెలుతురు. గోడల నిండా గీతలూ చుక్కలూ, కప్పు దాకా. నడుమ వరలేని నుయ్యి, దాని లోపలి గోడకు మెట్లు. తీగ కప్పు నుంచి దిగి ఆ నూతిలోకి నిలువునా పోయింది. దాని ముందు ఒక ముసలామె నిలబడి కొడుతోంది. తల నెరిసి జుట్టు చీలమండల దాకా పడింది. కొడుపు పట్టుకున్న కుడిచెయ్యి మోచేతి దాకా ఇత్తడి. చిలుము పట్టి పచ్చబడింది. వేళ్ళు ఎక్కడ ముగిశాయో, కొడుపు ఎక్కడ మొదలైందో తెలియదు. గోడ వారగా మూడు ఎముకల గూళ్ళు బాసింపట్లు వేసుకుని కూర్చున్నట్టే ఉన్నాయి. నాలుగో చోట మాచన.

కుందన పరుగున వెళ్ళి అన్న తల ఒళ్ళోకి తీసుకుంది. కాలు విరిగింది. ఒళ్ళు కాలిపోతోంది. చేతులు కొంకర్లు పోయి పిడికిళ్ళు విచ్చుకోవడం లేదు. కళ్ళు తెరిచి చెల్లెలిని చూశాడు గాని మాట రాలేదు. ఇక్కడికి పాకి వచ్చి పడ్డాడని, కొట్టడానికి చెయ్యి సాగలేదని, వాడికి తెలిసిన మోత తనకు తెలియదని, తన మోత వాడికి తెలియదని సూరమ్మ వెనక్కి తిరగకుండానే చెప్పింది. మాటల మధ్య కూడా ఆమె దెబ్బ తప్పలేదు.

మాచనను ఎత్తుకుని అందరం వెళ్ళిపోదాం రమ్మన్నాడు యువరాజు. ఆమె తల అడ్డంగా ఊపింది. నూతి అడుగున ఒకటి ఉంది. వజ్రకర్ణుడు దాన్ని అక్కడికి దించి, దాని ఊపిరి తాను తాగుతున్నాడు. తీగ మోగుతున్నంతసేపూ అది చెవి ఒగ్గి పడుకుంటుంది. మోత ఆగితే, ఎందుకాగిందో చూడడానికి పైకి వస్తుంది. ఒక ఊపిరి ఆగవచ్చు. రెండు ఊపిరులు ఆగితే మెట్లు ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ మధ్యాహ్నం ఇవతలి నుంచి జవాబు వినబడిన నిమిషంలో తన చెయ్యి ఆగిపోయిందని, అది పదకొండు మెట్లు ఎక్కేసిందని చెప్పింది. దానికి పాత మోతే తెలుసు. వేరేది కొడితే వినదు. ఒకరు నిద్రపోతే ఒకరు కొడుతూ నలుగురు మొదలుపెట్టారు. పదకొండేళ్ళుగా తానొక్కతే కొడుతోంది. తీగ మోగించేవాళ్ళకు ఆకలి వెయ్యదు. నిద్రలో కూడా చెయ్యి కొడుతుంది. రోజంతా ఒట్టి మోత చిన్నగా కొడుతుంది. మధ్యాహ్నం పూట ఒక్కసారి మాత్రం, ఎవరైనా వింటారేమోనని, గట్టిగా మాటలు కొడుతుంది.

తలుపు సందులోంచి వెలుతురు ఎర్రబడింది. పొద్దు వాలడానికి రెండు ఘడియలు కూడా లేదు. మాచనను వంతెన దాటించి గండి మొదటికి చేర్చాలి, రాళ్ళు పడకముందే. యువరాజు అతన్ని వీపున వేసుకుని, తాను కప్పుకొచ్చిన కంబళితో కట్టుకున్నాడు. కూలీలను ఆపి తిరిగి వస్తానని, ఆమెను ఎలా విడిపించాలో అప్పుడు చూద్దామని అన్నాడు. వంతెన ఊగుతున్నంతసేపూ మోత తప్పకుండా చూడమన్నాడు. ఆ బరువుతో నెమ్మదిగానే వెళ్ళగలడు. అతను గడప దాటాడు.

కుందన అన్న వెంట పోబోయి ఆగింది. ముసలామె భుజం వణుకుతోంది.

"ఈ కాస్సేపు నేను కొడతాను అవ్వా. నీళ్ళు తాగు," అంది.

ఇద్దరూ ఒక దెబ్బ మీద ఒక దెబ్బగా కలిపి కొట్టారు. తరువాత సూరమ్మ దెబ్బ ఆగింది, కుందన దెబ్బ సాగింది. నూతి అడుగున ఏదో ఒక్కసారి కదిలి, కొత్త చెయ్యిని వాసన చూస్తున్నట్టు తీగను లాగి, మళ్ళీ సర్దుకుంది. కుందనకు ఒళ్ళంతా చెమట పట్టింది. చెయ్యి మాత్రం నాయనమ్మ పోట్లలోనే ఉంది.

సూరమ్మ గోడ వెంట ఊరే నీళ్ళు ఎడమచేత్తో పట్టి తాగింది. గోడ వారనున్న మూడు గూళ్ళ ముందూ కాసేపు నిలబడింది. ఏడో మేడలో ఇప్పుడు పెద్ద ఎవరని అడిగింది. కుందనకు అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు.

"బొబ్బయ్య తాత."

ముసలామె మొహంలో వెలుగు వచ్చింది. "మా బొబ్బడు బతికే ఉన్నాడా? వాడు చెవిటివాడయ్యాడా మరి?"

"లేదు. వినబడుతుంది. మధ్యాహ్నం పూట మైనం పెట్టుకుంటాడు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ అవ్వా."

సూరమ్మ ఇత్తడి చేతిని ఎడమచేత్తో పైకెత్తి, పదకొండేళ్ళలో మొదటిసారి ఊరికే ఉన్న ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరువాత నేల మీద జీరాడే జుట్టును మెడ చుట్టూ చుట్టుకుని తలుపు వైపు నడిచింది. నడక మరిచిపోయినదానిలా ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ వేసింది. గడప దాటి నిలబడి, వాలుతున్న ఎండను మొహాన పడనిచ్చింది.

కుందనకు అప్పుడు తెలిసింది. కొడుపు పారేసి పరుగెత్తితే నాలుగంగల్లో గడప దాటవచ్చు. నూతిలోకి దిగే ఆ తీగే పై కొసన వంతెన మీదుగా బయటికి పోతుంది. అందులో వంతెన చప్పుడు వినబడుతోంది. ఇద్దరి బరువు మోస్తున్న అడుగులు, నెమ్మదిగా, ఇంకా సగం కూడా దాటలేదు. ఆమె చెయ్యి ఆగలేదు.

"అవ్వా," అంది. "అవ్వా, నేను కూడా వస్తాను."

సూరమ్మ వెనక్కి తిరిగింది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"నీ తప్పేం లేదు తల్లీ. ఆపకు. మీవాడు ఇంకా వంతెన మీదే ఉన్నాడు," అంది.

ఇత్తడి చెయ్యి ఒకటీ, మామూలు చెయ్యి ఒకటీ ఆనించి, రాతితలుపును మెల్లగా నెట్టి మూసేసింది.